ఎన్‌డీ ఉంటే అనువాదం కుదరదు

‘క్రియేటివ్ కామన్స్ గుర్తు ఉంటే ఏ దేశం పాఠాన్నైనా తెలుగు చేసుకోవచ్చు’ అన్నారు, పాఠాల అనువాదం గురించిన ఓ వ్యాసంలో. క్రియేటివ్ కామన్స్ అంటే, తన రచనను ఇతరులు ఏ షరతులతో వాడుకోవచ్చో రచయిత ముందే చెప్పే లైసెన్సులు. అక్కడే పప్పులో కాలేశారు. లైసెన్సులో ‘ఎన్‌డీ’ (నో డెరివేటివ్స్, అంటే మార్చినదాన్ని పంచొద్దు) ఉంటే అనువదించి పంచకూడదు. ఓపెన్ విద్యా వనరులపై (అందరూ ఉచితంగా వాడుకోగల పాఠాలపై) యునెస్కో 2019 నవంబరులో ఆమోదించిన సిఫార్సు ప్రకారం, మార్చుకునే వీల్లేనిది ఓపెన్ వనరు కిందకే రాదు. అంతర్జాతీయ సహకారం అందులోని ఐదు అంశాల్లో ఒకటి, కానీ పని ఆగేది ఇలాంటి చిన్న అక్షరాల దగ్గరే.

ఇంకో చిక్కు కలపడంలో ఉంది. లైసెన్సులో ‘బీవై’ అంటే రచయిత పేరు చెప్పాలి, ‘ఎన్‌సీ’ అంటే వ్యాపారానికి వాడకూడదు, ‘ఎస్ఏ’ అంటే మార్చినదాన్నీ అదే లైసెన్సుతో పంచాలి. ‘బీవై-ఎస్ఏ’ పాఠాన్నీ ‘బీవై-ఎన్‌సీ-ఎస్ఏ’ పాఠాన్నీ కలిపి కొత్త పాఠం చేయలేం. రెండూ ‘నా లైసెన్సే పెట్టు’ అంటాయి మరి! పక్కపక్కన విడివిడిగా పెట్టుకోవచ్చు. ప్రథమ్ బుక్స్ వారి పిల్లల కథల వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో చాలా కథలు ‘బీవై 4.0’ (బీవై లైసెన్సు నాలుగో రూపం) కింద ఉంటాయి. ఇలాంటి ఓపెన్ లైసెన్సుల వల్లే ఆఫ్రికా పిల్లల కథలిచ్చే ఆఫ్రికన్ స్టోరీబుక్ కథలు అక్కడికొచ్చి మన భాషల్లోకీ వెళ్లగలుగుతున్నాయి.

అనువాదం చివర శీర్షిక, రచయిత, బొమ్మలేసినవారు, మూలం లింకు, లైసెన్సు రాసి, ‘ఇది అనువాదం’ అని తప్పక చెప్పాలి. బొమ్మల లైసెన్సు వేరుగా ఉండొచ్చు, చూసుకోండి.

ఫైలు మాత్రం యూనికోడ్‌లోనే (ఏ కంప్యూటరైనా తెలుగు అక్షరాల్ని గుర్తించే పద్ధతిలోనే) ఇవ్వండి. పాత డీటీపీ ఫాంట్లతో చేసిన పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే పిచ్చి గీతలొస్తాయి. అప్పుడు ఎంత ఓపెన్ లైసెన్సున్నా మళ్లీ మొదటి నుంచి టైపు చేయాల్సి రావచ్చు.