బీజింగ్ మెట్రో మీద అభాండాలు

చైనా వెళ్లొచ్చిన మనవాళ్లు బీజింగ్ మెట్రో మీద వేసే అభాండాలకు అంతులేదు. చరిత్ర చూద్దామని ఎక్కితే చరిత్రకు కిలోమీటరు ఇవతల దింపేస్తుందట. 3 యువాన్లకు 6 కిలోమీటర్లు మోసి, ఎక్కేముందు మీ సంచికి ఉచితంగా ఎక్స్‌రే తీసి పంపే సంస్థ మీద ఇంత కినుక తగదు.

రెండో లైన్‌నే తీసుకోండి. 18 స్టేషన్ల వలయం. అందులో 11 స్టేషన్లకు పాత నగర ద్వారాల పేర్లు. పైకొచ్చి వెతికితే ఫ్లైఓవర్లు కనిపిస్తాయి. ఆ పదకొండిట్లో నిలబడి ఉన్న ద్వారం చియెన్‌మెన్ ఒక్కటే. 1965లో తవ్వకం మొదలెట్టినప్పుడు నగర ప్రాకారం ఉన్న దారే అనువుగా తోచింది: గోడ కూలిస్తే చోటు దొరుకుతుంది, ఇళ్లు ఖాళీ చేయించే తలనొప్పి తక్కువ. పేరు గొప్ప ఊరు దిబ్బ అనేయడం తేలికే. దిబ్బ చేసినవాళ్లే పేరును ఇంత శ్రద్ధగా కాపాడటం ఎక్కడైనా చూశామా? బాణాల బురుజు ఇప్పటికీ నిలిచి ఉన్న దషెంగ్‌మెన్‌కు మాత్రం ఈ లైన్‌లో స్టేషన్ లేదు. జీష్వేతాన్‌లో దిగి తూర్పుకు నడవాలి. కళ్లెదుట ఉన్నదానికి మళ్లీ బోర్డెందుకని కాబోలు.

ఇక పాత చక్రవర్తుల కోట ఫర్బిడెన్ సిటీ. ఒకటో లైన్‌లో తియెనన్‌మెన్ ఈస్ట్ దగ్గర దిగమంటుంది ఫోను. దిగుతారు. పైన మరో తనిఖీ, పాస్‌పోర్టు చేత్తో పట్టుకుని మరో క్యూ. అవి దాటి, తియెనన్‌మెన్ ద్వారం కింద నుంచి ఉత్తరానికి నడిస్తే కోట దక్షిణ ద్వారం వూమెన్ వస్తుంది. లోపలికి దారి అదొక్కటే, అక్కడ టికెట్లమ్మరు. ఏడు రోజుల ముందు బీజింగ్ రాత్రి 8కి, అంటే మన సాయంత్రం 5.30కి, ఆన్‌లైన్‌లో పాస్‌పోర్టు నంబరుతో పట్టుకోవాలి. తిరుమల దర్శనం కోటాతో చెయ్యి తిరిగినవాళ్లకు ఇదో లెక్క కాదు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా 60 యువాన్లు, మిగతా నెలల్లో 40. ప్రభుత్వ సెలవులు కాని సోమవారాల్లో తలుపులు మూసే ఉంటాయి.

అసలు ఘట్టం బయటికొచ్చేటప్పుడు. లోపలి నడక దక్షిణం నుంచి ఉత్తరానికే. ఉత్తర ద్వారం షెన్‌వూమెన్ దాటాక చూసుకుంటే, మీకూ మీరు దిగిన స్టేషన్‌కూ మధ్య 960 మీటర్ల రాజప్రాసాదం అడ్డం. మళ్లీ అందులోంచి రానివ్వరు. దగ్గరి స్టేషన్ ఎనిమిదో లైన్‌ది, కిలోమీటరుకు పైనే. అందుకని ‘తిరిగి తియెనన్‌మెన్ ఈస్ట్‌లోనే కలుద్దాం’ అని బంధువులతో ఒప్పందాలు పెట్టుకోకండి.

సమ్మర్ ప్యాలెస్‌కు నాలుగో లైన్ రెండు స్టేషన్లు ఇచ్చింది. పెద్ద మనసు. బేగోంగ్‌మెన్‌లో దిగితే ఉత్తర గుమ్మం పక్కనే ఉంటుంది, లోపల కొండ మెట్లు కాచుకుని ఉంటాయి. మోకాళ్ల మీద దయ ఉంటే ఒక స్టేషన్ ముందే షీయువాన్‌లో దిగి తూర్పు గుమ్మానికి నడవండి. సరస్సు దాకా చదునే. చాంగ్‌పింగ్ లైన్‌లో మింగ్ చక్రవర్తుల సమాధుల పేరిటే స్టేషన్ ఉంది. సమాధులకు అక్కణ్ణుంచి బస్సు.

గ్రేట్ వాల్‌కు మెట్రో వేయలేదన్న సణుగుడొకటి. ఛింగ్‌హే దాకా మెట్రోలో వెళ్లి హైస్పీడ్ రైలు మారితే, 2019 చివర్లో గోడ దగ్గర తెరిచిన బాదాలింగ్ స్టేషన్‌లో దింపుతుంది. అది నేలకు 102 మీటర్ల కింద. శత్రువులు ఎక్కలేని గోడ ఎక్కాలని వచ్చినవాళ్లు ముందు నేల మీదికి ఎక్కాలి. ఎస్కలేటర్లున్నాయి లెండి. తిరుగు టికెట్ మాత్రం వెళ్లేటప్పుడే కొనుక్కోండి. సాయంత్రానికి గోడ మీద ఉన్న జనమంతా ఆ రైలుకే దిగుతారు.