కొండ మడికి కూలి ఎవరిస్తారు?

1967లో అచంట రైతు నెక్కంటి సుబ్బారావు వేసిన ఐఆర్‌8 వరి ఫిలిప్పీన్స్‌లోని లాస్ బాన్యోస్ నుంచి వచ్చింది. మన గాదెలు నింపిన ఆ విత్తనం పుట్టిన దేశంలోనే, ఉత్తర లుజోన్ కొండల్లో, ఇప్పటికీ ఏడాదికి ఒక్క పంటతో సరిపెట్టుకునే ఊళ్లున్నాయి. ఇఫుగావ్ ప్రావిన్స్‌లోని హుంగ్‌డువాన్ అలాంటిదే. పేరుకు మున్సిపాలిటీ గానీ, ఉన్నవి తొమ్మిది బరాంగాయ్‌లు, అంటే మన పంచాయతీల్లాంటివి. అన్నీ కలిపినా పదివేల మంది లేరు.

కొండవాలును మెట్లుమెట్లుగా చెక్కి, రాతికట్లు కట్టిన మడుల్లో పండే ఇక్కడి నాటు వరి పేరు తినావొన్. ఏడాదికోసారి వచ్చేది అని ఆ మాటకు అర్థం. కోతకు కొడవలి పట్టరు. ఆడవాళ్లు చిన్న కత్తితో ఒక్కో వెన్నూ కోసి, గుప్పెడు గుప్పెడుగా కట్టలు కడతారు. కొండ కొమ్మున 'ముయోంగ్' అనే అడవిని తరతరాలుగా ఒక్కో కుటుంబం కాపాడుకుంటూ వస్తోంది. ఆ చెట్లు పట్టి ఉంచిన నీళ్లే పై మడి నుంచి కింది మడికి దిగుతాయి. రాతికట్టు ఒక్కచోట జారినా మడిలో నీరు నిలవదు. మట్టి ఎండి నెర్రెలిస్తుంది. ఆ నెర్రెల్లో పెద్ద వానపాములు బొరియలు చేస్తే మరుసటి ఏడు గట్టంతా కారుతుంది. పడ్డ కట్టు మళ్లీ లేపాలంటే రాళ్లు భుజాన మోయాల్సిందే. ఆ వాలులోకి ట్రాక్టర్ దిగదు.

హుంగ్‌డువాన్ మడులతో సహా ఇఫుగావ్‌లోని ఐదు చోట్ల మడులను యునెస్కో 1995లో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. 2001లో ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేర్చి, 2012లో తీసేసింది. సంతోషమే. కానీ వారసత్వ జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన గట్టు నిలవదు. 2019లో ఫిలిప్పీన్స్ బియ్యం దిగుమతులపై పరిమితులు ఎత్తేసింది. 2024లో సుంకాన్ని 35 శాతం నుంచి 15 శాతానికి తగ్గించింది. పట్నంలో పేదవాడికి బియ్యం చౌకగా అందాలన్న ఆలోచనను మేం తప్పుపట్టం. అయితే అంగట్లో చౌక బియ్యం దొరుకుతుంటే, తిండిగింజల కోసం కొండ మీద రాళ్లు మోయమని ఇరవై ఏళ్ల కుర్రాడికి ఏ ముఖం పెట్టుకుని చెబుతాం?

కోతలయ్యాక హపావ్ ఏటిలో మూడు బరాంగాయ్‌ల వాళ్లు 'పున్నుక్' ఆడతారు. నీళ్లలో నిలబడి, ఒకరినొకరు లాగే ఆట అది. 2015లో దానికీ యునెస్కో గుర్తింపు వచ్చింది. ఆట బతకాలంటే కోత ఉండాలి. కోత ఉండాలంటే ఊళ్లో వయసు పిల్లలుండాలి.

అందుకే మడి దున్నడం, కట్టు కట్టడం, అడవి కాయడం దేశం కోసం చేస్తున్న పనిగా లెక్కగట్టి, దానికి కూలి ఇవ్వాలని మా అభిప్రాయం. మడుల అందం చూడటానికి వచ్చే యాత్రికుల సొమ్ములో వాటా నేరుగా ఆ మడి దున్నే ఇంటికి చేరాలి. కూలిన కట్లకు డబ్బు కాగితాల మీద తిరుగుతూ కూర్చోకుండా, నాట్లకు ముందే అందాలి. నాట్లు దాటితే ఆ మడి ఆ ఏడాదికి బీడే.