కన్సోల్‌ని మానిటర్‌కి కలపడం అంత తేలిగ్గా ఉండకూడదు

గేమింగ్ కన్సోల్ కొన్నవాడికి ఇంట్లో టీవీ దొరకదు. సాయంత్రం నుంచి పడుకునేదాకా అది సీరియళ్ళది, ఎండాకాలంలో ఐపీఎల్‌ది, మిగతా టైమ్‌లో రిమోట్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళది, ఆ చెయ్యి మాత్రం మీది కాదు. అందుకని 2021 ఫిబ్రవరిలో మన దేశంలో 49,990 రూపాయలకి అమ్మకానికొచ్చిన సోనీ కన్సోల్ పీఎస్5ని పట్టుకెళ్ళి, ఆఫీసు పని కోసం కొన్న మానిటర్‌కి తగిలిస్తారు. బొమ్మ రాదు, వస్తే సౌండ్ రాదు, ఇక కంపెనీల మీద ఒకటే తిట్లు. ఈ ధోరణిని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. ఆ కష్టమంతా మన మంచికే.

వైరు సంగతే చూడండి. కన్సోల్ వెనక బొమ్మ కోసం ఉండేది టీవీలకుండే హెచ్‌డీఎంఐ కన్నం ఒక్కటే, కొన్ని మానిటర్లకేమో డిస్‌ప్లే పోర్ట్ అనే వేరే రకం కన్నం మాత్రమే ఖాళీ ఉంటుంది. షాపుకెళితే "సార్, ఇది పెట్టండి అయిపోద్ది" అని ఒక చివర అదీ ఇంకో చివర ఇదీ ఉన్న వైరు ఇస్తారు. చివర్లు రెండూ చక్కగా దూరతాయి, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంటుంది, ఎందుకంటే ఆ వైరు కంప్యూటర్‌లోని డిస్‌ప్లే పోర్ట్ నుంచి టీవీలోని హెచ్‌డీఎంఐకి పంపడానికే గానీ తిరుగు ప్రయాణానికి పనికిరాదు. తిరుగు ప్రయాణానికి చిప్ ఉన్న కన్వర్టర్ వేరే కొనాలి, దానికి కరెంటు కోసం తరచూ ఇంకో యూఎస్‌బీ వైరు. ఇంటర్‌లో ఫిజిక్స్ నిద్రపోతూ దాటేసినవాళ్ళకి ఇంత శ్రద్ధగా పాఠం చెప్పే మాస్టారు ఇంకెక్కడ దొరుకుతాడు? పోనీ మానిటర్‌కి హెచ్‌డీఎంఐ ఉందనుకోండి, పెట్టెలో వచ్చిన మంచి వైరు అప్పటికే హాల్లో సెట్‌టాప్ బాక్స్‌కి వెళ్ళిపోయి ఉంటుంది. సెకనుకి 48 గిగాబిట్లు మోయగల వైరు అక్కడ అత్తగారి కన్నీళ్ళు మోస్తోంది.

పాత మానిటర్ అయితే ఇంకా గొప్ప. హెచ్‌డీసీపీ అని ఒక కాపలావాడు ఉంటాడు, బొమ్మ పంపేముందు అవతలి స్క్రీన్‌ని "నువ్వు కాపీ కొట్టే రకం కాదుగా?" అని అడుగుతాడు. హెచ్‌డీఎంఐకి ముందుతరం డీవీఐ కన్నం ఉన్న పాత మానిటర్లలో కొన్నింటికి ఆ ప్రశ్నే అర్థం కాదు. జవాబు లేకపోతే బొమ్మ లేదు. పీఎస్5 సెట్టింగ్స్‌లో ఈ కాపలాని ఆపేయొచ్చు, కానీ ఆపాలంటే ముందు సెట్టింగ్స్ కనపడాలి, సెట్టింగ్స్ కనపడాలంటే కాపలా ఆపాలి. అంటే కన్సోల్‌ని మోసుకుంటూ హాల్లోకి వెళ్ళి, సీరియల్ మధ్యలో "అమ్మా, రెండే రెండు నిమిషాలు" అని బతిమాలాలి. కుటుంబ సభ్యులు మాట్లాడుకోవడం మానేశారని బాధపడే మేధావులు ఈ ఏర్పాటుని ఎందుకు మెచ్చుకోరో నాకు అర్థం కాదు. ఆపేశాక కన్సోల్‌లో సినిమా యాప్‌లు ఆడవు, అది వేరే సంగతి.

ఓర్పు కూడా నేర్పారు. పీఎస్5 వచ్చింది 2020 నవంబర్‌లో, గేమింగ్ మానిటర్లలో బాగా అమ్ముడయ్యే 1440పీ అనే రిజల్యూషన్‌ని అది ఒప్పుకుంది 2022 సెప్టెంబర్‌లో. మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌కి అది మొదటి రోజు నుంచే ఉంది, ఓర్పు నేర్చుకునే అవకాశం పాపం వాళ్ళకి దక్కలేదు. బొమ్మలు వచ్చే వేగానికి స్క్రీన్ తన వేగాన్ని సర్దుకుంటుందని చెప్పే ఫ్రీసింక్ స్టిక్కర్ చూసి మానిటర్ కొన్నవాళ్ళకీ ఇదే శిక్షణ: పీఎస్5 దాన్ని పట్టించుకోదు, దానికి అదే పని చేసే, హెచ్‌డీఎంఐ 2.1 వెర్షన్ వాళ్ళ వీఆర్‌ఆరే కావాలి. ఆ 2.1లోని కొత్త సదుపాయాలన్నీ ఐచ్ఛికమే, ఏవి ఇచ్చారో పెట్టె వెనక చిన్నక్షరాల్లో వెతుక్కోవాలి. కళ్ళకి వ్యాయామం.

ఇక సౌండ్. చాలా మానిటర్లకి స్పీకర్లు ఉండవు. పీఎస్5కి సౌండ్‌ని విడిగా స్పీకర్లకి పంపే ఆప్టికల్ పోర్ట్ లేదు, మామూలు బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌ని నేరుగా కలుపుకోదు. డ్రాయర్ అడుగున చిక్కుపడి ఉన్న పాత వైరు ఇయర్‌ఫోన్స్ వెతికి చేతిలో కంట్రోలర్‌కే గుచ్చుకోవాలి. అందరూ దీన్ని లోపం అంటారు, నాకు మాత్రం మొత్తం ఏర్పాటులో ఇంతకంటే దూరదృష్టి కనపడలేదు. తలుపు దగ్గరగా వేసి ఉంది, కుర్రాడు ఆఫీసు మానిటర్ ముందు నిటారుగా కూర్చున్నాడు, చెవుల్లో వైర్లు, గదిలోంచి చిన్న చప్పుడు కూడా లేదు. కాఫీ తెచ్చిన అమ్మ గుమ్మంలోనే ఆగి, వెలుతురు పడుతున్న ఆ మొహం చూసి, "ఇంకా ఎంతసేపురా?" అంటుంది గొంతు తగ్గించి.

"రెండు గోల్స్ మిగిలాయమ్మా."

"ఈ కంపెనీలు ఇన్నిన్ని టార్గెట్లు పెడితే పిల్లలు ఏమైపోతారో" అని హాల్లోకి వెళ్ళి నాన్నకి చెబుతుంది.