సీటీ టెక్నాలజిస్టు సర్టిఫికేషన్‌లో డోసుకు దక్కాల్సిన చోటు

లాస్ ఏంజెలెస్‌లోని ఒక పెద్ద ఆసుపత్రిలో మెదడు రక్తప్రసరణను చూసే సీటీ పరీక్ష చేయించుకున్న రోగి ఒకరు 2009లో తన జుట్టు ఊడిపోతోందని చెప్పేవరకు, అక్కడి స్కానర్ ఏడాదిన్నరగా అవసరానికి మించి దాదాపు ఎనిమిది రెట్ల రేడియేషన్ డోసు ఇస్తోందన్న సంగతి ఎవరూ గమనించలేదు. గరిష్ఠంగా 0.5 గ్రే (శరీరం గ్రహించే రేడియేషన్‌కు కొలమానం) ఉండాల్సిన చోట డోసు 3 నుంచి 4 గ్రే దాకా వెళ్లింది. అప్పటికి తేలిన బాధితులు 206 మంది. యంత్రంలో లోపమేమీ లేదు. ఆ పరీక్షకు ముందే నిర్ణయించి ఉంచే సెట్టింగుల సమితిని, అంటే ప్రోటోకాల్‌ను, మార్చినప్పుడు అందులోని ఒక సెట్టింగును సిబ్బంది తప్పుగా అర్థం చేసుకున్నారు. ఆ మార్పు ఎవరు చేసినా, ప్రతి స్కానుకూ డోసు అంకెను కన్సోల్ తెర మీద చూడగలిగే స్థానంలో ఉన్నది మాత్రం స్కానర్‌ను నడిపే టెక్నాలజిస్టే.

సీటీ టెక్నాలజిస్టుగా గుర్తింపు పొందే విధానాన్ని ఈ ఉదంతం దృష్టితో పరిశీలించడం సబబు. అమెరికాలో ఈ గుర్తింపునిచ్చే ప్రధాన సంస్థ 1922లో ఏర్పడిన ఏఆర్‌ఆర్‌టీ (అమెరికన్ రిజిస్ట్రీ ఆఫ్ రేడియోలాజిక్ టెక్నాలజిస్ట్స్). రేడియోగ్రఫీ, న్యూక్లియర్ మెడిసిన్, రేడియేషన్ థెరపీ వంటి ఏదో ఒక ప్రాథమిక గుర్తింపు ఉన్నవారు దాని మీద సీటీ గుర్తింపును అదనంగా సంపాదించుకుంటారు. ఇందుకు 16 గంటల నిర్దిష్ట పాఠ్యబోధన పూర్తిచేయాలి. 24 నెలల వ్యవధిలో 125 స్కాన్లు చేసి, వాటికి పర్యవేక్షకుల ధ్రువీకరణ తీసుకోవాలి. ఆపైన కంప్యూటర్ పరీక్ష రాసి 75 స్కేల్డ్ స్కోరు (ప్రశ్నపత్రం కష్టాన్ని బట్టి సర్దుబాటు చేసిన స్కోరు) తెచ్చుకోవాలి. ఈ 75ను నూటికి 75 మార్కులుగా పొరబడేవారు ఇప్పటికీ చాలామందే ఉన్నారు. రోగి సంరక్షణ, భద్రత, ఇమేజ్ రూపకల్పన, స్కాన్ పద్ధతులు అనే నాలుగు విభాగాల మీద ప్రశ్నలుంటాయి.

విధానం పకడ్బందీగానే కనిపిస్తుంది. నా అభ్యంతరం ఆ 125 లెక్క మీద. ఒకే రకం స్కానును ఐదుసార్లకు మించి లెక్కలో చూపకూడదన్న నియమం వల్ల అభ్యర్థి తల స్కాన్లతోనే సరిపెట్టుకోకుండా ఛాతీ, పొత్తికడుపు, వెన్నెముక, రక్తనాళాల పరీక్షలన్నీ చేసి తీరాల్సి వస్తుంది. అది మంచిదే. అయితే ఆ జాబితా స్కాన్ జరిగిందని మాత్రమే చెబుతుంది. ఆ స్కానులో రోగికి ఎంత డోసు పడింది, ఎందుకు పడింది అన్న ప్రశ్నకు అందులో జవాబు దొరకదు.

రోగిని గాంట్రీ, అంటే స్కానర్‌లోని గుండ్రటి భాగం, మధ్యలోకి సరిగా చేర్చడమనే చిన్న పనిని చూడండి. బల్లను రెండు, మూడు సెంటీమీటర్లు ఎత్తులో ఉంచి, ఎక్స్‌రే ట్యూబు పై నుంచి వచ్చేలా స్కౌట్ (అసలు స్కానుకు ముందు తీసే ప్రాథమిక చిత్రం) తీస్తే, ట్యూబుకు దగ్గరైన శరీరం ఉన్నదానికంటే పెద్దదిగా నమోదవుతుంది. ఆ కొలతను నమ్మి పనిచేసే ఆటోమేటిక్ ఎక్స్‌పోజర్ కంట్రోల్, ఎదురుగా ఉన్నది లావుపాటి మనిషి అనుకుని ట్యూబు కరెంటును, దాంతోపాటు డోసును పెంచేస్తుంది. వచ్చిన ఇమేజ్ చక్కగానే ఉంటుంది కాబట్టి రేడియాలజిస్టు తప్పు పట్టరు. అనుమానం రావాల్సింది స్కాన్ బటన్ నొక్కబోయే ముందు సీటీడీఐ (కన్సోల్ చూపే డోసు సూచిక) విలువను చదివి, ఈ శరీరానికి ఇంత అంకె ఎందుకు వచ్చిందని ఆగే టెక్నాలజిస్టుకే. ఆ ఆగడం బహుళైచ్ఛిక ప్రశ్నల్లో పూర్తిగా పట్టుబడదు.

గుర్తింపు పత్రానికి చట్టబలం కూడా అన్నిచోట్లా ఒకేలా లేదు. అమెరికాలో లైసెన్సు నిబంధనలు రాష్ట్రానికో తీరుగా ఉన్నాయి. ఇమేజింగ్ సిబ్బందికి దేశమంతటా కనీస అర్హతలు నిర్ణయించాలన్న బిల్లు ఆ దేశ చట్టసభ కాంగ్రెస్ ముందుకు పలుమార్లు వచ్చినా చట్టం కాలేదు. కాలిఫోర్నియా మాత్రం 2010లో తెచ్చిన చట్టంతో సీటీ డోసును రోగి రికార్డులో నమోదు చేయడాన్ని తప్పనిసరి చేసింది. ఆసుపత్రి నమోదు చేస్తున్న ఆ అంకెను అభ్యర్థి శిక్షణ రికార్డులోకి తేవడం ఏమంత కష్టం? 125 స్కాన్లలో కనీసం పాతికింటికైనా డోసు విలువ, అది ఆ పరీక్షకు ఉండాల్సిన పరిధిలో ఉందా, లేకపోతే కారణమేమిటి అన్న రెండు వాక్యాల వివరణ అడగవచ్చు. పర్యవేక్షకుల సంతకం అప్పుడు హాజరుపట్టీ సంతకంలా మిగిలిపోదు.

దీనివల్ల పని పెరుగుతుందన్న వాదన తీసిపారేయదగింది కాదు. అత్యవసర విభాగంలో వరుసగా రోగులు వస్తుంటే, నరంలో పెట్టిన క్యాన్యులా గొట్టం నిలుస్తుందో లేదో, కిడ్నీ పరీక్షల ఫలితం కాంట్రాస్టు మందు ఎక్కించడానికి అనుమతిస్తుందో లేదో చూసుకోవడానికే సమయం చాలదు. అయినా అంకె చదివే అలవాటు శిక్షణలో పడకపోతే రద్దీలో కొత్తగా పుట్టదు. గుర్తింపు నిలుపుకోవడానికి రెండేళ్లకోసారి 24 క్రెడిట్ల నిరంతర విద్య చూపాలన్న నియమం ఎలాగూ ఉంది. అందులో కొంత భాగాన్ని టెక్నాలజిస్టు సొంత స్కాన్ల డోసు సమీక్షకు కేటాయిస్తే కొత్తవారితోపాటు ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నవారూ అదే లెక్క చూపాల్సి వస్తుంది.