‘నడుస్తోంది కదండీ, ఎందుకు కెలకడం’ అనే మాట ఇంకెన్నాళ్లు వినాలి?

పొద్దున్నే భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్లాంటు. సర్వర్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి ఉంది. అప్‌టైమ్, అంటే ఆగకుండా నడిచిన కాలం, అని ఉన్నచోట 412 రోజులు. పందెం గెలిచిన పుంజుని చూపించినట్టు వచ్చినవాళ్లందరికీ ఆ అంకె చూపిస్తున్నారు యజమానిగారు. ‘ఏడాది దాటిందండీ, ఒక్కసారి ఆగలేదు. ఎందుకు కెలకడం?’

అయ్యా, అది విండోస్ సర్వర్ 2016. నెలవారీ ప్యాచ్, అంటే దొంగలు దూరే భద్రతా కన్నాలు పూడ్చే అప్‌డేట్, రీస్టార్ట్ లేకుండా దాని ఒంటికి ఎక్కదు. వాడకంలో ఉన్న ఫైళ్లని నడుస్తుండగా మార్చలేక కొత్తవి పక్కన పెట్టుకుని, మెషీన్ ఆగి లేచేటప్పుడు మారుస్తుంది. 412 రోజులు ఆగలేదంటే ఆ 412 రోజుల్లో తెలిసిన కన్నాలన్నీ తెరిచే ఉన్నాయని అర్థం. లినక్స్‌వాళ్లూ మురిసిపోనక్కర్లేదు. కొత్త కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) డిస్కు మీదకి వచ్చి కూర్చుంటుంది, మెమరీలో నడిచేది పాతదే. ‘యునేమ్ మైనస్ ఆర్’ (uname -r) అనే కమాండ్ కొట్టి చూపించే వెర్షన్‌నీ, ఇన్‌స్టాల్ అయిన కెర్నళ్ల జాబితానీ పక్కపక్కన పెట్టి చూడండి, తెలిసిపోతుంది.

మన డెల్టాలో ఏటా వేసవిలో కాలవలు కట్టేస్తారు. కట్టేశారని ఏ రైతైనా గొడవ చేస్తాడా? తేదీ ముందే చెబుతారు. ఊరి మంచినీళ్ల చెరువు ముందే నింపుకుంటారు. అప్పుడు పూడిక తీసి, లాకులూ షట్టర్లూ బాగుచేసి, మళ్లీ నీళ్లు వదులుతారు. సర్వర్‌కీ ఇదే పద్ధతి. చెరువు నింపుకోవడం అంటే బ్యాకప్. అంత పెద్ద కాలవని వారాల తరబడి కట్టేయగలిగిన చోట, నెలకో ఆదివారం రాత్రి ఒక డబ్బాని రెండు గంటలు ఆపలేమా?

చేసే పద్ధతి తెలియక భయపడుతున్నారు, అది వేరే సంగతి. మైక్రోసాఫ్ట్ ప్యాచ్‌లు నెలలో రెండో మంగళవారం వస్తాయి, మనకి అది రాత్రి. బుధవారం పొద్దున్నే అన్నిటికీ ఎక్కించకండి. ముందు ప్రాణం మీదకి రాని ఒక మెషీన్‌కి ఎక్కించి వారం చూడండి, ఆ తర్వాతే బిల్లింగ్ సర్వర్. ఆ కన్నంలోంచి దొంగలు ఇప్పటికే దూరుతున్నారని ప్రకటిస్తే మాత్రం వారం ఆగొద్దు.

ఎక్కించే రోజు మొదటి పని బ్యాకప్. అది తెరుచుకుంటోందో లేదో ఒక ఫైలు వెనక్కి తీసి చూడండి. రెండో పని, అందరూ వదిలేసేది: ప్యాచ్ ఎక్కించకముందే ఒక్కసారి రీస్టార్ట్ చేయండి. ఏడాదిగా ఆగని మెషీన్‌లో డిస్కు ఎప్పుడో పాడై ఉండొచ్చు, ఏదో సర్వీసు తనంతట తాను లేవకపోవచ్చు. ప్యాచ్ తర్వాతే మొదటిసారి ఆపితే ఆ పాపమంతా ప్యాచ్ నెత్తిన పడుతుంది. ‘కెలికారు, పోయింది’ అనే కథ సగం ఊళ్లలో ఇలాగే పుట్టింది. ఆ తర్వాత సీ డ్రైవ్‌లో కనీసం 20 జీబీ ఖాళీ. 2016లో ముందు సర్వీసింగ్ స్టాక్ అప్‌డేట్ (ప్యాచ్‌లు ఎక్కించే యంత్రాంగానికే వచ్చే అప్‌డేట్), తర్వాతే క్యుములేటివ్ (పాతవన్నీ కలిపిన నెలవారీ ప్యాచ్).

2016 చాలా నెమ్మది. శాతం అంకె ఒకేచోట గంటసేపు నిలబడిపోయినట్టు కనిపిస్తుంది. డిస్కు లైటు మాత్రం మినుకుమినుకుమంటూనే ఉంటుంది. అప్పుడే ఎవరో ఒకరు కంగారుపడి స్విచ్ తీసేస్తారు, ఆ సర్వర్ మళ్లీ లేవకపోవచ్చు. యూపీఎస్ ఇరవై నిమిషాలదైతే జనరేటర్‌లో డీజిల్ చూసుకోకుండా మొదలెట్టకండి. వర్చువల్ మెషీన్ (ఒక పెద్ద కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే సర్వర్) అయితే స్నాప్‌షాట్, అంటే వెనక్కి వెళ్లడానికి ఆ క్షణపు స్థితి, తీసుకోండి, కానీ రెండు మూడు రోజుల్లో తీసేయండి. మర్చిపోతే అది పెరిగి పెరిగి స్టోరేజ్ నిండి, దాని మీదున్న మెషీన్లన్నీ ఒకేసారి ఆగిపోవచ్చు. అంతా అయ్యాక విండోస్ వెర్షన్ చూపించే ‘విన్‌వర్’ (winver) కమాండ్ కొట్టండి. 2016 బిల్డ్ నంబరు 14393 పక్కన చుక్క తర్వాత ఉన్న అంకే మీ ప్యాచ్ లెవెల్. తేదీ వేసి పుస్తకంలో రాయండి.

ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగిన వానాక్రై వైరస్ గుర్తుందా? 2017 మే 12న ప్రపంచమంతా ఏడ్చింది. దాని మందు, అంటే ప్యాచ్, మార్చి 14నే వచ్చింది. 59 రోజులు! చేతిలో మందు పెట్టుకుని మింగనివాళ్లే ఎక్కువగా పోయారు.

అయినా యజమానుల మీద కోపం ఎంతసేపు? అసలు తిట్టాల్సింది సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లని. ‘మా బిల్లింగ్ విండోస్ సర్వర్ 2012 ఆర్2 మీదే నడుస్తుందండీ, వెర్షన్ మారిస్తే మా బాధ్యత కాదు’ అంటారు. ఏటా ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) డబ్బులు మాత్రం టంచనుగా కావాలి. 2012 ఆర్2కి మామూలు సపోర్ట్ 2023 అక్టోబర్ 10న ముగిసింది. డబ్బు కట్టి పొడిగించుకున్నా 2026 అక్టోబర్ 13తో సరి. పొడిగింపు లేని మెషీన్‌లో ‘కొత్త అప్‌డేట్లు లేవు’ అని వస్తే మిల్లు గుమాస్తా క్షేమంగా ఉన్నామనుకుంటాడు. మందు తయారీ ఆగిపోయిందన్న సంగతి ఆయనకి ఎవరు చెప్పారు? లినక్స్‌లో ఒక రకమైన సెంటాస్ 7 కూడా 2024 జూన్ 30తో అయిపోయింది, దాని మీద ఇంకా లెక్కలు నడిపిస్తున్నారు.

ఇంతకన్నా మండేది ఇంకోటి. ఇంట్లో కూర్చుని చూసుకోవడానికి వీలుగా రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచి సర్వర్ స్క్రీన్ చూపించేది) వాడే పోర్ట్ 3389ని, అంటే ఆ నెట్‌వర్క్ తలుపుని, నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి పోతారు. ఫైర్‌వాల్ ఆఫ్. అన్ని దుకాణాలకీ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ఒకటే. ప్యాచ్ లేని సర్వర్‌కి వీధి తలుపు కూడా తీసి పెట్టడం ఇది. రేపు ఫైళ్లన్నీ తాళం పడితే ఆ అమ్మినాయన ఫోన్ ఎత్తడు.

2016కి కూడా మామూలు ప్యాచ్‌లు 2027 జనవరి 12తో ఆగుతాయి. అందుకే ఈసారి ఏఎంసీ కాగితం ముందుకొచ్చినప్పుడు మూడు వాక్యాలు రాయించుకోండి: ఏయే వెర్షన్ల మీద నడుస్తుందో, నెల ప్యాచ్ వచ్చాక ఎన్ని రోజుల్లో సరిచూసి చెబుతారో, 3389 మూసి వీపీఎన్ (ఇంటర్నెట్ మీద తాళం వేసిన సొంత దారి) మీద వస్తారో లేదో. రాయనంటే చెక్కు రాయకండి.