నానమ్మ ఆవకాయ, స్కౌట్ క్యాంపు, ఒక రకూన్

మా వాడికి పన్నెండేళ్ళు. పోయిన జులైలో మొదటిసారి స్కౌట్ సమ్మర్ క్యాంపుకి వెళ్ళాడు. మా న్యూజెర్సీ నుంచి రెండు గంటల డ్రైవ్, పెన్సిల్వేనియాలో పోకొనో కొండల్లో, ఆదివారం నుంచి శనివారం దాకా. ఫోన్ లేదు, ఏసీ లేదు, చెక్క ప్లాట్‌ఫాం మీద కాన్వాస్ టెంటు, దాంట్లో రెండు మడత మంచాలు, అంతే. వాణ్ణి ఒప్పించడానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది. ఇండియా నుంచి వచ్చిన మా అమ్మని ఒప్పించడానికి నెల పట్టింది, అది కూడా ఒప్పుకుందని మేం అనుకున్నామంతే.

"రాముణ్ణి అడవికి పంపించడానికి కైకకి వరం కావాల్సొచ్చింది, మీరేంట్రా క్రెడిట్ కార్డు గీకి మరీ పంపిస్తున్నారు?" అంది.

నిజానికి అడవికి పంపడం కూడా అంత ఈజీ కాదు. హెల్త్ ఫారం ఒకటుంటుంది, ఏ, బి, సి అని మూడు పార్టులు, 72 గంటలు దాటి ఉండే క్యాంపైతే సి పార్టు మీద డాక్టర్ సంతకం కూడా కావాలి. వెళ్ళగానే ఈత టెస్టు, 100 గజాలు, అందులో చివరి 25 గజాలు వెల్లకిలా ఈదాలి. మా ఆవిడ మార్కర్ పెట్టి టార్చి లైటు నుంచి ఏడు డ్రాయర్ల దాకా అన్నిటి మీదా పేరు రాసింది. లిస్టులో అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉన్నది మాత్రం ఒకటే రూలు, టెంట్లో తిండి ఉండకూడదు. తిండే కాదు, వాసనొచ్చేది ఏదీ ఉండకూడదు, టూత్‌పేస్ట్ కూడా, ఎందుకంటే అక్కడ నల్ల ఎలుగుబంట్లు తిరుగుతాయి, పిల్లి కన్నా కాస్త పెద్దగా ఉండి తిండి దొంగిలించే రకూన్లయితే ఇక చెప్పక్కర్లేదు.

ఇది నేను అమ్మకి చదివి వినిపించాను. అక్కడితో ఆగినా బాగుండేది, స్కౌట్ల నినాదం "సిద్ధంగా ఉండు" అని కూడా తెలుగులో చెప్పాను. ఆవిడ మొదటిది వదిలేసి రెండోది పట్టుకుంది.

1907లో, స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పావెల్ దొర ఇంగ్లండులో బ్రౌన్‌సీ దీవికి ఓ ఇరవై మంది పిల్లల్ని తీసుకెళ్ళి మొట్టమొదటి క్యాంపు పెట్టాడు కదా, వాళ్ళలో ఒక్కడికి తెనాలి నానమ్మ ఉండుంటే ఈ స్కౌటింగ్ అక్కడే ఆగిపోయేది.

మంగళవారం పొద్దున ఆఫీస్ మీటింగులో ఉండగా క్యాంపు నుంచి స్కౌట్‌మాస్టర్ ఫోను. "ముందు చెప్తున్నా, ఎవరికీ ఏం కాలేదు" అన్నాడు. ఇలా మొదలుపెట్టిన ఫోన్ కాల్ ఎవరికైనా బాగా ముగిసిందా?

జరిగిందేంటంటే సోమవారం రాత్రి పిల్లలంతా క్యాంప్‌ఫైర్ దగ్గర పాటలు పాడుకుని వెనక్కొచ్చి టెంట్లో టార్చి వేసేసరికి మావాడి మంచం మీద, స్లీపింగ్ బ్యాగ్ మీద, కిందున్న చెక్కల మీద అంతా ఎర్రగా చిక్కగా మరకలు. వాడి పక్క మంచం పిల్లాడు పెట్టిన కేకకి రెండు ట్రూపులు, అంటే రెండు స్కౌట్ దళాలు, లేచొచ్చాయట, ఫస్ట్ ఎయిడ్ పెట్టె పట్టుకుని హెల్త్ ఆఫీసర్ పరిగెత్తుకొచ్చిందట, మధ్యలో మావాడు "పికిల్, పికిల్" అని అరుస్తున్నాడట.

"పికిల్ అంటున్నాడు, కానీ అది ఎర్రగా ఉందండీ" అన్నాడాయన పాపం. ఆయనకి పికిల్ అంటే బర్గర్లో వేసే పచ్చటి దోసకాయ ముక్క. ఇది మామిడిదండీ అన్నాను. అంత తియ్యటి పండుతోనా అన్నాడు. పండు కాదు, కాయ అని చెప్దామనుకున్నా, ఇంగ్లీషులో రెంటికీ మ్యాంగో అనే మాట ఒక్కటే ఉందని అప్పుడు గుర్తొచ్చింది, కెమెరా ఆఫ్ చేసి సారీ చెప్పాను.

ఇంటికొచ్చి అడిగితే అమ్మ దాచలేదు. స్లీపింగ్ బ్యాగులో కాళ్ళు పెట్టే చోట, అడుగున, పాతిక నేతి సున్నుండలు, ఓ కవరు జంతికలు, హార్లిక్స్ సీసాలో కొత్తావకాయ. "నాలుగు కవర్లేసి టేపు చుట్టాను కదరా, శంషాబాద్ నుంచి నెవార్క్ దాకా చుక్క కారలేదు" అంది. కారలేదు నిజమే, విమానంలో రకూన్లు లేవు కాబట్టి. రకూన్ ముందు కాళ్ళకి మనలాగే ఐదు వేళ్ళు, జిప్పు తీస్తుంది, మూత తిప్పుతుంది.

స్కౌట్‌మాస్టర్ పంపిన ఫోటోలు చూపించాను, సిగ్గుపడుతుందని. చెక్కల మీద ఆవకాయ నూనెతో చిన్న చిన్న ఎర్రటి పాదాలు, మంచం దగ్గర మొదలై గుమ్మం దాకా. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని కాసేపు చూసి, "అచ్చం కృష్ణాష్టమికి మనం వేసే పాదాల్లా ఉన్నాయే" అని మురిసిపోయింది. నాకేం అనాలో తెలీక ఫోను జేబులో పెట్టుకున్నా.

శనివారం తీసుకురావడానికి వెళ్తే మావాడు నల్లబడి, సన్నబడి, తనే అల్లిన ఓ బుట్ట పట్టుకుని నించున్నాడు, ట్రూపులో వాడి పేరిప్పుడు పికిల్. స్కౌట్‌మాస్టర్ ఆవకాయ సీసాని రెండు జిప్ కవర్లలో పెట్టి పోలీసులు సాక్ష్యం అప్పగించినట్టు అప్పగించాడు. ఇంకా ముప్పావు వంతు ఉంది. తడి బూట్లు, పొగ, నువ్వుల నూనె, ఈ మూడూ కలిసిన వాసనతో రెండు గంటలు అద్దాలు దించుకునే వచ్చాం.

గరాజ్‌లో బ్యాగు విప్పితే ఏడు డ్రాయర్లలో ఆరు పెట్టినవి పెట్టినట్టే, మడత కూడా చెదరలేదు. మా ఆవిడ తల పట్టుకుంది. అమ్మ మాత్రం "చూశావా, ఎంత శుభ్రంగా ఉతికి మడతపెట్టుకున్నాడో!" అంది. మావాడు నోరు మెదపలేదు, ఎలా మెదుపుతాడు.

తర్వాత సీసా చేతిలోకి తీసుకుంది. "సున్నుండలన్నీ తినేసిందా?"

"ఒక్కటి మిగల్లేదు నానమ్మా."

"జంతికలు?"

"అవి కూడా."

"మరి ఆవకాయ?"

"చెయ్యి పెట్టింది, నాకింది, వెళ్ళిపోయింది" అన్నాడు వీడు, చూసినట్టే.

అమ్మ మొహం మాడిపోయింది. సీసా చెత్తబుట్టలో పడేసే ముందు మూత తీసి వాసన చూసింది, మళ్ళీ చూసింది. ఆ రాత్రి తెనాలిలో మా పిన్నికి ఫోన్ చేసి, హలో కూడా అనకుండా, "ఏమే, ఈసారి ఆవపిండి ఏ మిల్లులో ఆడించావే నువ్వు?" అంటోంది.