వేపపిండి ఒక్కటే చాలదు
లిల్లీ పూల తోటలో వేపపిండి (వేపగింజల నూనె తీశాక మిగిలే చెక్క పొడి) వేస్తే ఇక పురుగుమందే అక్కర్లేదని ఒక వ్యాసంలో రాశారు, అది సగమే నిజం. ఆఖరి దుక్కిలో ఎకరాకు 200 కిలోలు వేసి కలియదున్నితే వేర్లకు బుడిపెలు కట్టించే నులిపురుగులు తగ్గుతాయి. కానీ మొగ్గల్లో దూరే తామర పురుగులకు నేలలో వేసిన పిండి చాలదు. నీలి రంగు జిగురు అట్టలు పెట్టాలి, లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె కలిపి సాయంత్రం పూట కొట్టాలి. పచ్చి పేడ వేస్తే మరో చేటు. దానికి చెదలు, వేరుపురుగు చేరి దుంపల్ని కొరికేస్తాయి. 90 కిలోల బాగా చివికిన పశువుల ఎరువులో 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా (తెగుళ్లను అణిచే మేలు చేసే శిలీంధ్రపు పొడి) కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో గోనెపట్టా కప్పి వారం రోజులుంచాకే సాళ్లలో వేయాలి. కోళ్ల ఎరువు మోతాదు మించిందా, కాడ మెత్తబడి వంగిపోతుంది, బొకేకు పనికిరాదు.